పోశ్చర్ వ్యాయామాలతో మెడ నొప్పీ, మనసులో దిగులూ తగ్గుతాయా?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఒకసారి చెబుతాను, ఎక్కడైనా పొరపాటుంటే సరిదిద్దండి. వయసు 31. రోజుకు తొమ్మిది గంటలు కంప్యూటర్ ముందు పని. ఏడాదిగా మెడలోనూ, వీపు పైభాగంలో రెక్కల ఎముకల మధ్యా నొప్పి. భుజాలు ముందుకు వాలిపోయాయని, గూని వస్తోందని చూసినవాళ్లంతా అంటున్నారు. కొన్ని నెలలుగా మనసు దిగులుగా ఉంటోంది. పోశ్చర్, అంటే నిలబడే, కూర్చునే తీరు, సరిచేసుకుంటే రెండూ పోతాయని ఒక వీడియోలో విని, రోజూ అరగంట గోడకు ఆనుకుని నిలబడుతున్నారు. భుజాలను వెనక్కి లాగే బెల్టు కట్టుకుంటున్నారు. పక్కనుంచి ఫొటో తీసుకుని నిన్నటితో పోల్చుకుంటున్నారు. నెలన్నర గడిచినా నొప్పి తగ్గలేదు సరికదా, పెరిగింది. ఎక్కడ తప్పు చేస్తున్నాను, ఈ ఫొటోల పద్ధతి మంచిదేనా అని అడిగారు.

పోశ్చర్ వ్యాయామాలు మేలు చేస్తాయి. ఒంటికీ చేస్తాయి, మనసుకీ చేస్తాయి. అయితే ఆ మేలంతా మనిషి నిటారుగా అయిపోవడం వల్లనే వస్తుందని అనుకుంటాం చూడండి, అక్కడే దారి తప్పుతాం. కండరాలకు ఓపిక పెరగాలి. పట్టేసిన మెడా వీపూ మళ్లీ తేలిగ్గా కదలాలి. 'నా ఒళ్లు బాగానే ఉంది, బరువు మోయగలదు' అన్న ధీమా తిరిగి రావాలి. మేలు వీటిలో ఉంది. వీపు వంపు నాలుగు డిగ్రీలు మారిందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి.

ఇరవై ఏళ్లకు పైగా ఫిజియోథెరపీలో ఉన్నాను. మొదటి పదేళ్లు నేనూ మీ వీడియోలో చెప్పిన మాటలే చెప్పాను. నా గదిలో గోడకు గళ్ల చార్టు ఉండేది, దాని ముందు గుండుదారం వేలాడేది. వచ్చినవాళ్లను దాని పక్కన నిలబెట్టి, చెవి ఇక్కడుండాలి, భుజం ఇక్కడుండాలి, మీది ఇంత ముందుకు వచ్చేసింది అని లెక్క చెప్పేవాణ్ణి. ఒకావిడ మూడోసారి వచ్చినప్పుడు, పిల్లాణ్ణి ఎత్తుకోవడం మానేశానని చెప్పింది. వంగితే నడుములో ఏదో జారిపోతుందేమోనని భయమట. ఆ భయం ఆమెకు ఎవరు నేర్పారో నాకు అప్పుడు తెలిసింది. అది నేనే. మరుసటి వారం ఆ చార్టు తీసేశాను. మీ ప్రశ్న చదువుతుంటే ఆవిడే గుర్తొచ్చింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

వెన్నెముక నిలువు గీతలా ఉండేది కాదు. మెడ దగ్గర లోపలికి, వీపు దగ్గర బయటికి, నడుము దగ్గర మళ్లీ లోపలికి వంపు తిరిగి ఉంటుంది. కదిలే వెన్నుపూసలు 24. ఆ వంపుల లోతు మనిషికీ మనిషికీ వేరు, ముక్కు తీరులాగే. తల బరువు సుమారు 5 కిలోలు. తల ముందుకు వంచితే మెడ మీద భారం పెరుగుతుందన్నది నిజమే. 60 డిగ్రీలు వంచి ఫోను చూస్తే మెడ మీద 27 కిలోల బరువు పడుతుందన్న మాట మీరు వినే ఉంటారు. 2014లో అమెరికాకు చెందిన ఒక వెన్నెముక సర్జన్ కంప్యూటర్ నమూనాతో వేసిన లెక్క అది. అంత బలం పడుతుందని చెప్పిందే తప్ప, దానివల్ల మెడ పాడవుతుందని ఆ లెక్క చూపలేదు. మన కీళ్లు, కండరాలు భారం మోయడానికే తయారయ్యాయి. కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఆ భారానికి తగ్గట్టు గట్టిపడతాయి కూడా.

నిలబడినప్పటికన్నా కూర్చున్నప్పుడు డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల) మీద ఒత్తిడి చాలా ఎక్కువ అన్న మాట కూడా అలాంటిదే. 1960లలో స్వీడన్‌లో నాకెమ్సన్ అనే వైద్యుడు డిస్కులోకి సూది పంపి కొలిచిన కొలతలు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. 1999లో జర్మనీలో విల్కే బృందం మరింత మెరుగైన పరికరాన్ని ఒక మనిషి నడుము డిస్కులో అమర్చి రోజంతా కొలిచింది. సేదతీరుతూ కూర్చున్నప్పుడు పడిన ఒత్తిడి, నిలబడినప్పటికన్నా ఎక్కువేమీ లేదు.

ఇక మీకు బాగా దగ్గరగా వచ్చే విషయం. ఆస్ట్రేలియాలో 17 ఏళ్ల పిల్లలు 1,108 మందిని కూర్చోబెట్టి, పక్కనుంచి ఫొటోలు తీసి, కూర్చునే తీరును బట్టి నాలుగు గుంపులుగా విడదీశారు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. వీపు కుంగి, మెడ ముందుకు వచ్చిన గుంపులో మెడ నొప్పి మిగతావాళ్లకన్నా ఎక్కువేమీ లేదు. కానీ ఆ గుంపులో కాస్తంత దిగులు లక్షణాలు ఉన్నవాళ్లు ఎక్కువ. మళ్లీ చదవండి: కుంగి కూర్చోవడానికి నొప్పితో ముడి దొరకలేదు, మనసుతో దొరికింది. అయిదేళ్ల తర్వాత అదే పిల్లల్ని చూస్తే, నిటారుగా కూర్చునే అమ్మాయిల్లోనే వదలని మెడ నొప్పి ఎక్కువగా కనబడింది. దీన్ని పట్టుకుని అందరూ కుంగి కూర్చోండి అని నేను అనను. ఫొటోలో కనబడే ఆకారాన్ని బట్టి నొప్పిని చెప్పలేం అన్నంతవరకే తీసుకోండి.

మరి నొప్పి ఎందుకు? ఎక్కువమందిలో నేను చూసింది ఇది: గంటల తరబడి ఒకే తీరులో ఉండిపోవడం, అంతంతమాత్రం బలమున్న కండరాలు ఎడతెగకుండా పనిచేస్తూ అలిసిపోవడం, నిద్ర చాలకపోవడం, పనిలో ఒత్తిడి. మనసు బిగిస్తే భుజాలు చెవుల వైపు లేస్తాయి, ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆడుతుంది, పళ్లు బిగుస్తాయి. అదే నెలల తరబడి సాగితే నరాలకు సున్నితత్వం పెరిగిపోతుంది. మామూలుగా పట్టించుకోని చిన్న పట్టు కూడా నొప్పిగా తెలుస్తుంది. అలాంటి మెడకు మీరు బెల్టు కట్టి, అరగంట గోడకు అంటించి, కదలొద్దని చెప్పారు. కదలిక కోసం అల్లాడుతున్న కండరానికి ఇంకో కట్టు వేసినట్టయింది. గోడకు నిలబడటంలో కండరాన్ని బలపరిచేంత బరువు లేదు, దానికి సేదతీరే వీలూ లేదు. నొప్పి పెరగడంలో ఆశ్చర్యం లేదు, మీ ఒంట్లో ఏదో దెబ్బతిన్నదనడానికి అది గుర్తూ కాదు.

అసలైన వ్యాయామం ఎంత చేస్తే చాలో తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. డెన్మార్క్‌లో మెడ, భుజాల నొప్పితో బాధపడే ఆఫీసు ఉద్యోగులు 198 మందిని తీసుకున్నారు. కొందరికి ఎలాస్టిక్ ట్యూబుతో చేతులు పక్కకు లేపే వ్యాయామం రోజుకు 2 నిమిషాలు, కొందరికి 12 నిమిషాలు, మిగతావాళ్లకు ఆరోగ్య సలహాలు మాత్రమే. వారానికి అయిదు రోజులు, 10 వారాలు. రెండు నిమిషాలు చేసినవాళ్లకూ నొప్పి గుర్తించదగినంతగా తగ్గింది. 2011లో వచ్చిన ఈ ఫలితం నా పద్ధతిని బాగా మార్చింది. అంతకుముందు నేను ఇచ్చే కాగితం మీద పద్నాలుగు వ్యాయామాలుండేవి, ఎవరూ పది రోజులు దాటించేవాళ్లు కాదు.

బలం పెంచే మార్గం ఒకటైతే, బిగింపును గమనించి వదిలేయడం నేర్చుకునే మార్గం ఇంకొకటి. అలెగ్జాండర్ టెక్నిక్ అని వినే ఉంటారు, పద్యాలు చదివేటప్పుడు గొంతు పోయి, కారణం వెతుక్కుంటూ వెళ్లిన ఒక ఆస్ట్రేలియా నటుడు కనిపెట్టాడు. బ్రిటన్‌లో 579 మంది దీర్ఘకాలిక నడుము నొప్పి రోగులతో చేసిన పరిశోధన 2008లో వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే, మామూలు వైద్యం పొందినవాళ్లకు నాలుగు వారాల్లో 21 రోజులు నొప్పి ఉంటే, ఈ పద్ధతిలో 24 పాఠాలు నేర్చుకున్నవాళ్లకు 3 రోజులు. ఆరు పాఠాలే నేర్చుకున్నవాళ్లకు 11 రోజులు. ఇందులో బరువులు లేవు, ఛాతీ విరుచుకుని నిలబడటం అంతకన్నా లేదు. కూర్చునేటప్పుడు, లేచేటప్పుడు అనవసరంగా ఎక్కడ బిగిస్తున్నామో కనిపెట్టి వదలడమే.

ఆకారం మారదా అంటే, కాస్త మారుతుంది. 60 దాటి వీపు బాగా వంగినవాళ్లకు అమెరికాలో ఆరు నెలల పాటు వారానికి మూడుసార్లు బలం పెంచే వ్యాయామాలు చేయిస్తే, వంపు సగటున 3 డిగ్రీల మేర తగ్గింది. చూపుకు ఆనదు. కానీ వాళ్లు తమను తాము చూసుకునే తీరు మెరుగైంది. మీ వయసులో ఎముక ఆకారం కన్నా అలవాటు పాలే ఎక్కువ కాబట్టి, బలం పెరిగితే భుజాలు వాటంతట అవే కాస్త వెనక్కి కుదురుకుంటాయి. దాన్ని గురి చేసుకోకండి, అంతే. ఊపిరి సంగతి కూడా చెప్పాలి: బాగా కుంగి కూర్చున్నప్పుడు పొట్ట లోపలి నుంచి పైకి నొక్కుకుపోయి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరం కిందికి దిగడానికి చోటు తగ్గుతుంది. ఊపిరితిత్తులు పట్టే గాలి ఆ భంగిమలో తగ్గుతుందని కొలిచి చూశారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి దీనివల్ల జబ్బు రాదు గాని, లోతుగా ఊపిరి తీసుకోవాలనుకున్నప్పుడు తేడా తెలుస్తుంది.

ఇప్పుడు మనసు. మీరు దీన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, నాకు మాత్రం మీ ప్రశ్నలో ముఖ్యమైనది ఇదే అనిపించింది.

దిగులుగా ఉన్న మనిషి నడక కొలిస్తే, అడుగు నెమ్మదిగా పడుతుంది, చేతుల ఊపు తగ్గుతుంది, పైశరీరం ముందుకు కుంగుతుంది. మనసు ఒంటి మీద కనబడుతుంది. ఒంటి నుంచి మనసుకు తిరుగు దారి ఉందా అన్నది ప్రశ్న. ఉంది, కానీ సన్నటిది. న్యూజిలాండ్‌లో 74 మందికి వీపు మీద టేపు అంటించి, కొందరిని నిటారుగా, కొందరిని కుంగి కూర్చునేలా చేసి, ఒత్తిడి కలిగించే పని అప్పగించారు. నిటారుగా ఉన్నవాళ్లలో ఉత్సాహం ఎక్కువగా, భయం తక్కువగా కనబడింది. మాట్లాడేటప్పుడు 'నేను, నాకు, నా' అన్న మాటలూ తక్కువగా దొర్లాయి. తర్వాత 2017లో అక్కడే, ఓ మాదిరి కుంగుబాటు లక్షణాలున్న 61 మందితో చేసినప్పుడు కూడా నిటారుగా కూర్చున్నవాళ్లకు అలసట తగ్గింది, హుషారు కాస్త పెరిగింది. ఇవి ఒక గది లోపల, కొద్ది నిమిషాల్లో కనబడిన మార్పులు. నెలల దిగులును ఇవి తీసేస్తాయని ఆ పరిశోధకులూ అనలేదు, నేనూ అనను.

ఇంకో కథ కూడా మీకు తెలియాలి, ఎందుకంటే మీరు చూసిన వీడియో దాని మీదే నిలబడినట్టుంది. 2010లో అమెరికాలో 42 మందితో ఒక ప్రయోగం జరిగింది. చేతులు చాచి, ఛాతీ విప్పిన భంగిమల్లో రెండు నిమిషాలు ఉంటే టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గుతుంది అన్నారు. ప్రపంచమంతా పాకిపోయింది. 2015లో 200 మందితో మళ్లీ చేస్తే హార్మోన్లలో ఏ మార్పూ లేదు. 'కాస్త ధైర్యంగా అనిపించింది' అన్న మాట మాత్రం నిలిచింది. 2016లో మొదటి ప్రయోగానికి నాయకత్వం వహించిన డేనా కార్నీ స్వయంగా, ఆ ప్రభావం నిజమని తాను ఇక నమ్మడం లేదని బహిరంగంగా రాశారు. తన పేరు తెచ్చిన పని గురించే అలా రాయడానికి ఎంత నిజాయితీ కావాలో! కాబట్టి భంగిమతో హార్మోన్లు మారిపోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

మనసుకు నిజంగా గట్టి సాయం చేసేది ఆ భంగిమ కాదు, వ్యాయామం. క్రమం తప్పకుండా ఒళ్లు కదిలిస్తే దిగులు, ఆందోళన తగ్గుతాయనడానికి ఆధారాలు బోలెడున్నాయి. నొప్పి తగ్గితే నిద్ర పడుతుంది, నిద్ర పడితే మర్నాటి నొప్పి తగ్గుతుంది. పోయిన వారం ఎనిమిదిసార్లు లేపిన బరువును ఈ వారం పన్నెండుసార్లు లేపితే, దిగులుగా ఉన్న మనిషికి అదొక్కటే ఆ వారంలో జరిగిన మంచి కావచ్చు. చిన్నదని తీసిపారేయకండి. ఆ ఒక్క సంఖ్య పట్టుకుని బయటపడ్డవాళ్లను నేను చూశాను.

మీరేం చేయాలో చెబుతాను. మొదట వెల్లకిలా పడుకోండి, తల కింద పల్చటి దిండు. 'ఊఁ' అన్నట్టు గడ్డాన్ని మెల్లగా కాస్త దించండి, తల దిండు మీద నుంచి లేవకూడదు. గొంతు పక్కన ఉండే పెద్ద కండరాలు బిగుసుకోకూడదు, వేళ్లతో తాకి చూసుకోండి. పది సెకన్లు ఉంచి వదలండి, ఊపిరి బిగబట్టకండి. ఇలా పదిసార్లు. చూడటానికి ఏమీ చేయనట్టే ఉంటుంది, అయిదో సారికే మెడ లోపల అలసట తెలుస్తుంది. మెడ ముందు లోతున ఉండే సన్నటి కండరాలు అవి, మెడ నొప్పి ఉన్నవాళ్లలో ముందు బద్ధకించేవి అవే.

రెండోది ఎలాస్టిక్ బ్యాండు. పాదాల కింద తొక్కిపట్టి, మోచేతులు కొద్దిగా వంచి, రెండు చేతులూ పక్కలకు భుజాల ఎత్తు దాకా లేపి నిదానంగా దించండి. భుజాలు చెవుల వైపు లేవనివ్వకండి. రెండు నిమిషాలు, ఇక చాలు అనిపించేదాకా. వారానికి అయిదు రోజులు. తేలికైపోతే గట్టి బ్యాండుకు మారండి, మారకపోతే బలం పెరగదు. రోజు విడిచి రోజు, అదే బ్యాండును తలుపు గడియకు తగిలించి రెండు చేతులతో పొట్ట వైపు లాగండి, రెక్కలు దగ్గరికి వచ్చేలా, పన్నెండేసి సార్లు మూడు విడతలు. వీపు బిగుసుకుపోతే తువ్వాలు చుట్టి రెక్కల కింద అడ్డంగా పెట్టుకుని దాని మీదుగా వెనక్కి వాలండి, రెండు మూడు నిమిషాలు. హాయిగా ఉంటుంది కాబట్టి చాలామంది ఇదొక్కటే చేసి మిగతావి వదిలేస్తారు. మీరు అలా చేయకండి.

రోజూ నడవండి. పనిలో ఉన్నప్పుడు అరగంటకోసారి తీరు మార్చండి: కాసేపు వెనక్కి వాలండి, కాసేపు కుర్చీ అంచున కూర్చోండి, కాసేపు నిలబడి పనిచేయండి, కాసేపు కుంగి కూడా కూర్చోండి. కుంగి కూర్చోవడం నేరం కాదు. బెల్టు ఈ రోజే తీసేయండి. గోడ దగ్గర నిలబడటమూ మానేయండి.

మొదటి రెండు వారాలు కండరాలు నొప్పి పెడతాయి. మర్నాటికి సర్దుకుంటే పర్వాలేదు, రెండు రోజులైనా తగ్గకపోతే సగానికి తగ్గించండి. తేడా తెలియడానికి ఆరు నుంచి పది వారాలు పడుతుంది.

వ్యాయామం మొదలుపెట్టకముందు వీటిలో ఏదైనా ఉంటే వైద్యుణ్ణి కలవాలి: చేతిలో తిమ్మిరి లేదా పట్టు తగ్గడం రోజురోజుకూ పెరుగుతుంటే, నడకలో తూలు ఉంటే, మల మూత్రాల మీద అదుపు తప్పితే, జ్వరంతోనో, కారణం లేకుండా బరువు తగ్గుతూనో నొప్పి ఉంటే, ప్రమాదం తర్వాత మొదలైతే. పొద్దున్నే అరగంటకు పైగా బిగుసుకుపోయి, కదిలేకొద్దీ తగ్గే నొప్పి మీ వయసులో ఉంటే, అది వెన్నెముక కీళ్లవాపు కావచ్చు. దానికి వేరే మందులున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లకు ఇవే చెప్పాలనుకుంటే ఒక హెచ్చరిక. ఎముకలు పల్చబడినవాళ్లకు ముందుకు వంగే వ్యాయామాలు వద్దు. 1984లో ఎముకలు బోలుపడిన స్త్రీలతో చేసిన ఒక పరిశోధనలో, వెనక్కి వంచే వ్యాయామాలు చేసినవాళ్లలో 16 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా నలిగితే, ముందుకు వంగే వ్యాయామాలు చేసినవాళ్లలో 89 శాతం మందికి నలిగాయి. ఎత్తు నాలుగు సెంటీమీటర్లు తగ్గిన పెద్దవాళ్లుంటే ముందు ఎక్స్‌రే తీయించండి.

మీ దిగులు గురించి కూడా అంతే స్పష్టంగా చెబుతాను. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువసేపు అలా ఉంటే, ఇంతకుముందు నచ్చినవేవీ నచ్చకపోతే, మానసిక వైద్యుణ్ణో కౌన్సెలర్‌నో కలవాల్సిందే. మీరు కొన్ని నెలలు అన్నారు కాబట్టి ఈ వారమే కలవండి. వ్యాయామం ఆ చికిత్సతో కలిసి నడుస్తుంది, దానికి బదులు కాదు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే, వ్యాయామమూ వద్దు, నా జవాబూ వద్దు, ఆ క్షణమే ఇంట్లో ఒకరికి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

ఫొటోల గురించి అడిగారు. ఆపేయండి. రోజూ ఒంట్లో తప్పు వెతికే అలవాటు నొప్పినీ పెంచుతుంది, దిగులునూ పెంచుతుంది. వాటికి బదులు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని మూడు సంఖ్యలు రాయండి: బ్యాండు ఎన్నిసార్లు లేపారు, నొప్పి మొదలవకుండా ఎన్ని నిమిషాలు కూర్చోగలిగారు, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు. ఆరు వారాల తర్వాత మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రెండు పేజీల్లో ఏముందో నాకు రాయండి, తర్వాత ఏం మార్చాలో అప్పుడు చూద్దాం.